మంజుల హల్క వారం

పెళ్లయి పదకొండేళ్లయినా మంజుల కూర్చొని అన్నం తినడం అత్తగారు నర్సింగమ్మ చూసింది తక్కువే. కంచం చేతిలో పట్టుకొని పొయ్యి దగ్గరి నుంచి వాకిలికి, వాకిలి నుంచి దండెం దగ్గరికి తిరుగుతూ తినేది. మధ్యలో ఆరిన బట్టలు తీసి భుజాన వేసుకునేది.

“కాలు గాలిన పిల్లి లెక్క ఏం తిరుగుడే గది? జర కూసోని తిను.”

“కూసుంటె కాళ్లు ఊకోవు అత్తమ్మా.”

చౌటుప్పల్‌లో పాత బస్టాండు వెనక వీధిలో వాళ్ల ఇల్లు. భర్త గోపీకృష్ణ కరెంటు పనివాడు. హైవే పొడవునా కొత్త ఇళ్లు లేస్తున్నాయి కాబట్టి అతనికి వైరింగ్ పని తీరేది కాదు. మంజుల మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగంలో పనిచేసేది. పొద్దున ఎనిమిదిన్నరకు కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం ఆరింటికి దిగేది. కూతురు సుమన మూడో తరగతి.

ఆమె పుట్టింది అక్కడికి పది కిలోమీటర్ల దూరంలోని ఒక నేత ఊళ్లో. తండ్రి గాలయ్య గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు, తల్లి అమృతమ్మ ఆసు పోసేది. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం. రంగులు అద్దే ముందు పట్టుదారాన్ని ఆ మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. ఒక చీర దారం తయారయ్యేలోగా చెయ్యి కొన్ని వేలసార్లు ముందుకూ వెనక్కూ పోవాలి. తొమ్మిదో ఏట నుంచే బడికి పోయే ముందు ఒక గంట తల్లికి బదులు మంజుల ఆసు పోసేది. ఆ ఇంట్లో ఎవరి చేతులైనా ఊరికే ఉన్నాయంటే వాళ్లకు ఒంట్లో బాగాలేదనే అర్థం.

సుమన పుట్టిన తర్వాత మంజులకు నడుము నొప్పి పట్టుకుంది. ఏడాది పాటు మాత్రలు రాసిన దవాఖాన డాక్టరు చివరికి, మాత్రలతో అయ్యేది కాదు, కసరత్తు చెయ్యమన్నాడు. అదే నెలలో గోపీకృష్ణ బాలస్వామి తాలీంలో ఫ్యాన్లు బిగించి వచ్చాడు. బాలస్వామి ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాడు. వయసులో ఉండగా బరువులెత్తే పోటీలకు పోయేవాడు. ఇప్పుడు రేకుల షెడ్డులో తాలీం పెట్టి కసరత్తు నేర్పుతున్నాడు. ఊరంతా అతన్ని ఉస్తాద్ అనే పిలిచేది.

“పొద్దుగాల ఒక గంట ఆడోళ్లకే ఇడుస్తడట ఉస్తాద్. పోతవా?” అన్నాడు గోపీకృష్ణ.

“నేనా? గా ఇనుము లేపుడా?”

“ఫ్యాక్టరీల డ్రమ్ములు జరుపుతలేవా మరి?”

మొదటిరోజు ఉస్తాద్ నేల మీద నలభై కిలోల రాడ్ పెట్టి, వీపు వంగకుండా ఎలా లేపాలో చూపించాడు. మంజుల లేపింది. యాభై పెట్టాడు, లేపింది. అరవై కూడా లేచాక ఉస్తాద్ కళ్లద్దాలు తీసి బనీనుకు తుడుచుకున్నాడు.

“చిన్నప్పుడు ఏం పని చేసినవ్ బిడ్డా?”

“ఆసు పోసిన.”

“మస్తు పోసినట్టున్నవ్,” అన్నాడు.

నడుము నొప్పి ఆరునెలల్లో తగ్గింది. మంజుల మాత్రం తాలీం మానలేదు. దానికి కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పినా నవ్వుతారనుకుంది. రాడ్ భుజాల మీదికి ఎత్తుకొని మోకాళ్లు వంచి లేచే ఆ పది సెకన్లు ఆమె లోపల ఏదీ పరుగెత్తేది కాదు. బస్సు టైము, సుమన హోమ్‌వర్కు, పొయ్యి మీది పాలు, ఏవీ గుర్తుకొచ్చేవి కావు. రాడ్ కింద పెట్టగానే అన్నీ మళ్లీ తిరిగొచ్చేవి. ఆ పది సెకన్ల కోసమే ఐదింటికి లేచి, చీకట్లోనే చున్నీ బిగించుకొని నడిచేది.

కరోనాలో షెడ్డు మూతపడితే డాబా మీద నీళ్ల క్యాన్లు ఎత్తింది. 2022లో నల్గొండలో జరిగిన ఉమ్మడి జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో అరవై మూడు కిలోల విభాగంలో మొదటి స్థానం వచ్చింది. మరుసటి ఏడాది రాష్ట్ర పోటీలకు పోయింది. భుజాల మీద రాడ్‌తో కూర్చొని లేచే స్క్వాట్, బల్ల మీద పడుకొని పైకి నెట్టే బెంచ్, నేల మీంచి లేపే డెడ్‌లిఫ్ట్, ఈ మూడు లిఫ్టులూ కలిపి మూడు వందల పది కిలోలు ఎత్తి రెండో స్థానంలో నిలిచింది. నారాయణపేట వైపు నుంచి వచ్చిన మానస అనే కానిస్టేబుల్ మూడు వందల పన్నెండున్నర ఎత్తింది.

రెండున్నర కిలోలు. సుమన స్కూలు సంచి అంతకంటే బరువు.

ఆ రెండున్నర కిలోలు ఏడాదంతా మంజుల వెంట తిరిగాయి.

బాలస్వామి దగ్గర ఒక పద్ధతి ఉండేది. నాలుగైదు వారాలు గట్టిగా చేయించాక ఒక వారం బరువులు సగానికి దించేవాడు. అవే కసరత్తులు, అదే టైము. రాడ్ మీద సగం ఇనుము, చేసే సెట్లు సగం. దానికి అతను పెట్టుకున్న పేరు హల్క వారం, అంటే తేలిక వారం. ఒక్క మంజుల తప్ప తాలీంలో అందరూ ఆ వారం కోసం ఎదురుచూసేవాళ్లు. అక్టోబరులో ఉస్తాద్ తన కూతురింటికి వరంగల్ పోతూ హల్కగా చెయ్యమని చెప్పి పోతే, ఆమె ఎప్పటి బరువులే ఎత్తింది. నవంబరు ఆఖర్న అతను అటు తిరగగానే రెండు ప్లేట్లు ఎక్కించేది. జనవరిలో మళ్లీ చెప్పినప్పుడు, “నాకేం అలుపు లేదు ఉస్తాద్, చూడు,” అని అతని ముందే డెడ్‌లిఫ్ట్ నూట నలభై రెండున్నర లేపింది. అంత బరువు అంతకు ముందెన్నడూ లేపలేదు. ఉస్తాద్ పోనీలే అనుకున్నాడు. ఆగమని అప్పుడు గట్టిగా చెప్పకపోవడం తన తప్పేనని తర్వాత చాలాసార్లు అన్నాడు.

నూట నలభై రెండున్నర లేచిన వారానికే ఒళ్లు మొరాయించడం మొదలైంది. ముందు మెట్లు బరువయ్యాయి. ఫ్యాక్టరీలో పై అంతస్తుకు ఎక్కుతుంటే తొడలు మండేవి. తర్వాత నిద్ర చెడింది. ఒళ్లంతా అలసటగా ఉన్నా తెల్లవారుజామున మూడింటికే కళ్లు తెరుచుకునేవి, మళ్లీ మూతపడేవి కావు. పొద్దున లేవగానే నాడి చూసి, కసరత్తు లెక్కలు రాసే పుస్తకంలో మూలకు రాసుకోవడం ఉస్తాద్ నేర్పిన అలవాటు. ఎప్పుడూ అరవై రెండు, అరవై మూడు ఉండేది డెబ్భై నాలుగు దగ్గరికొచ్చింది. మంజుల ఆ అంకె రాయడం మానేసింది.

ఒకరోజు సుమన పాల గ్లాసు ఒలకబోస్తే మంజుల ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది. పిల్ల ఏడవలేదు. తల్లి వైపు చూస్తూ అవ్వ చాటుకు జరిగింది. నర్సింగమ్మ గుడ్డ తెచ్చి పాలు తుడుస్తూ, “పాలకేనా ఇంత?” అంది మెల్లగా. మంజుల బయటికి నడిచింది. గల్లీ చివరి దాకా పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది.

ఫిబ్రవరి మొదటి గురువారం. మార్చి మొదటి వారంలో మహబూబ్‌నగర్‌లో రాష్ట్ర పోటీలు. నాలుగు వారాలు కూడా లేవు. స్క్వాట్‌కు వంద కిలోలు పెట్టుకుంది. పోయిన నెలంతా ఐదేసి సార్లు లేచిన బరువది. ఆ వారంలోనే మంగళవారం నాలుగుకే ఆగిపోతే, ఏదో ఒక్కరోజు అట్లా అవుతుందిలే అనుకుంది. ఈరోజు రెండోసారికే మోకాళ్లు లోపలికి వాలాయి. మూడోసారి కిందికి పోయి లేవలేకపోయింది. రాడ్ వెనక ఇనుప కడ్డీల మీద ధన్‌మని పడింది.

ఉస్తాద్ వచ్చి ప్లేట్లు తీయడం మొదలుపెట్టాడు.

“ఇయ్యాల్టి సంది హల్క వారం.”

“ఏందుస్తాద్? నాలుగు వారాలు లేవు పోటీలు. గిప్పుడు హల్క వారమా?”

“గిప్పుడే. గింకా ఆగితే పోటీలల్ల పెట్టాల్సొస్తది.”

“గా మానస గిప్పుడు ఊకున్నదా? ఎత్తుతుంటది గాదా!”

“మానస సంగతి నాకు తెల్వది. నీ కండ్ల కింద నలుపు చూసుకున్నవా? నాడి ఎంతున్నది?”

“అరవై మూడు,” అని అబద్ధం చెప్పింది మంజుల.

ఉస్తాద్ ఆఖరి ప్లేటు కూడా తీశాడు. “సరేనా మరి?” అన్నాడు. ఆమె సరేనంది.

శుక్రవారం సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు. హైవే పక్కన కొత్తగా తెరిచిన అద్దాల జిమ్ముకు పోయింది. రోజుకింత అని తీసుకొని ఎవరినైనా రానిచ్చేవాళ్లు. పాటలు గట్టిగా మోగుతున్నాయి. ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. బెంచ్ మీద చేయాల్సినవన్నీ చేసింది, బాగానే లేచాయి. ఉస్తాద్ ముసలోడయ్యాడు, భయపడుతున్నాడు అనుకుంటూ ఇంటికి నడిచింది. ఎందుకాలస్యమని గోపీకృష్ణ అడిగితే ఫ్యాక్టరీలో పని ఎక్కువుందంది.

శనివారం మళ్లీ పోయింది. డెడ్‌లిఫ్ట్ నూట ఇరవై ఐదు. మొదటిసారి లేచింది కానీ మోకాళ్ల దగ్గర ఆగి ఆగి లేచింది. దించి, వంగి, మళ్లీ రాడ్ పట్టుకుంది. లేపకముందే ఒంట్లో ఏదో వద్దన్నది. అది ఆమెకు స్పష్టంగా వినిపించింది. అయినా గుంజింది. రాడ్ నేల నుంచి జానెడు లేచిందో లేదో నడుము కుడివైపు కలుక్కుమంది. రాడ్ వదిలేసి అలాగే వంగి నిలబడిపోయింది. పాట మోగుతూనే ఉంది.

ఆటోలో ఇంటికొచ్చింది. గోపీకృష్ణ ఆమె దిగే తీరు చూసి పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైంది? ఫ్యాక్టరీల పడ్డవా?”

“లేదు,” అంది. తర్వాత నిజం చెప్పింది.

అతను అరవలేదు. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎముకకేం కాలేదు, కండరం పట్టింది, మంచానికి అతుక్కోకుండా మెల్లగా తిరుగుతుండాలి, నాలుగు రోజుల తర్వాత తేలికపాటి కసరత్తు చేసుకోవచ్చు అన్నాడు డాక్టరు. తిరిగొస్తూ బండి మీద గోపీకృష్ణ ఒక్కమాటే అన్నాడు: “ఉస్తాద్‌కు నువ్వే చెప్పు. నేను చెప్ప.”

సోమవారం పొద్దున ఆమె తాలీంకు పోయింది. ఉస్తాద్ వాకిట్లో నీళ్లు చల్లుతున్నాడు. ఆమె నడక చూడగానే చెంబు కింద పెట్టాడు.

“ఎక్కడ లేపినవ్?”

“హైవే మీద కొత్త జిమ్ముల.”

“ఎంత?”

“నూట ఇరవై ఐదు. రెండోసారికి పట్టుకున్నది.”

“ఎప్పుడు తెల్సింది నీకు? లేపకముందా, లేపినంకనా?”

మంజుల నేల వైపు చూసింది. “లేపకముందే.”

“మరెందుకు లేపినవ్ బిడ్డా?”

మంజుల తలెత్తింది. “ఒక్క వారం ఇడిస్తే మళ్లొస్తదో రాదో అని. భయం ఉస్తాద్. ఇంట్ల కూసుంటె ఒక్కొక్క కిలో కారిపోతున్నట్టే ఉంటది నాకు.”

బాలస్వామి స్టూలు జరిపి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె గోడకు ఆనుకొని నిలబడింది.

“బలం వారంల పోదు. నీకు తక్కువైంది బలం గాదు. నాలుగు నెలల అలుపు పైన కూసున్నది, దాని కింద బలం కనపడ్తలేదు, గంతే. అలుపు దిగితే కనపడ్తది.”

“ఎప్పుడు దించాల్నో ఎట్ల తెలుస్తది మరి? నువ్వు చెప్పిన ప్రతిసారి నాకు బాగనే ఉంటది.”

“అందుకే నీకు బాగున్నా సరే ఐదు వారాలకొకటి ఇస్తున్న. ఒళ్లు మొత్తుకునే దాకా ఆగొద్దని. ఒకవేళ అంతకు ముందే కావాల్నంటే అది వేరే సంగతి. ఒక్కరోజు రాడ్ బరువైతే లెక్కకు రాదు, ఎవలికైనా అయితది. తెల్సిన బరువు వరసగ రెండు మూడు పొద్దులు దిగితే చూడాలె. నాడి ఎక్కువున్నదా, నిద్ర పోయిందా, తిండి సయిస్తలేదా, ఇంట్ల అందరి మీద ఒర్రుతున్నవా. ఇవన్నీ ఒక్కపారి కలిసినయంటే ఇగ నన్ను అడగొద్దు, ఆగిపోవాలె.”

మంజులకు పాల గ్లాసు గుర్తుకొచ్చింది.

అప్పుడు ఉస్తాద్ తన కుడిచెయ్యి చాచి చూపించాడు. మోచెయ్యి పూర్తిగా తెరుచుకోదు. అది అందరికీ తెలుసు కానీ ఎందుకో ఎవరూ అడగలేదు. “మా డిపో తరఫున పోటీలకు పోతున్నప్పుడు, పదిరోజులుందనంగ చేతి ఏళ్లు తిమ్మిరెక్కుతుండె. ఎవలకు చెప్పలె. నాకు ఇరవై ఆరేండ్లు. నన్నేం చేస్తది అనుకున్న.” చెయ్యి దించుకున్నాడు. “గంతే. అదే నా ఆఖరి పోటీ.”

చెంబు మళ్లీ చేతిలోకి తీసుకొని అన్నాడు: “బుధవారం రా. యాభై కిలోలు. నేను పక్కనే ఉంట.”

ఆ వారం మంజుల జీవితంలో అన్నిటికంటే పొడుగైన వారం.

బుధవారం యాభై కిలోల రాడ్‌తో స్క్వాట్ ఐదేసి సార్లు రెండు సెట్లు చేయించాడు ఉస్తాద్. తర్వాత వట్టి రాడ్‌తో బెంచ్. నడుము పట్టింది కాబట్టి డెడ్‌లిఫ్ట్ వద్దన్నాడు. మొత్తం ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోయింది. చెమట కూడా పట్టలేదు.

“గంతేనా?”

“గంతే. ఇంటికి పో.”

ఇంటికొచ్చేసరికి ఆరుంబావు. చేతిలో ఇంత పొద్దు ఎన్నడూ మిగల్లేదు. వంట చేసింది. వాకిలి ఊడ్చింది. గూట్లో కడిగి పెట్టిన స్టీలు గిన్నెలన్నీ మళ్లీ దించి తోమడం మొదలుపెట్టింది. నర్సింగమ్మ వచ్చి చేతిలోంచి పీచు లాక్కుంది. “నడుము పట్టిందని మొన్ననే గదనే డాక్టర్ దగ్గరికి పోయింది! ఇడువ్!” మంజుల చేతులు తుడుచుకొని వాకిట్లోకి వచ్చి నిలబడింది. నాలుగు నిమిషాలు నిలబడి ఉంటుంది. మళ్లీ లోపలికొచ్చి సుమనకు జడలు వేస్తానంది. సుమన తల వెనక్కి లాక్కుంది. “నువ్వు గుంజుతవ్. అవ్వ ఏస్తది.”

“గుంజ బిడ్డా. మెల్లగ ఏస్త.”

పిల్ల అనుమానంగానే వచ్చి ముందు నిలబడింది. మంజుల ఆ రోజు ఒక్క వెంట్రుక నొవ్వకుండా రెండు జడలు వేసింది. వేస్తున్నంత సేపూ వేళ్లు తొందరపెడుతూనే ఉన్నాయి.

గురువారం పొద్దున ఏం తోచక సర్వీసు రోడ్డు వెంట టోల్‌గేటు వైపు నడవడానికి పోయింది. లారీలు పక్క నుంచి దూసుకుపోతున్నాయి. మానస ఇప్పుడు ఎంత ఎత్తుతున్నదో అనుకుంది. ఈ వారం పోయాక తనకు ఎంత మిగులుతుందో అనుకుంది. నడక ఎప్పుడు పరుగయ్యిందో తెలియలేదు, నడుము గుర్తు చేస్తే ఆగింది. రోడ్డు పక్క మైలురాయి మీద చెయ్యి పెట్టి నిలబడితే ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఎందుకో ఆమెకే అర్థం కాలేదు. ఇంటికొచ్చి పడుకుంటే మాత్రం, కంపెనీ బస్సుకు టైమైందని గోపీకృష్ణ లేపేదాకా మెలకువ రాలేదు.

శుక్రవారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టి తల్లిగారింటికి పోయింది. ఆ రోజు అమావాస్య. నేత ఊళ్లలో అమావాస్య నాడు మగ్గం దిగరు. వీధి పొడవునా ఒక్క మగ్గం చప్పుడు లేదు. తండ్రి గాలయ్య అరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అమృతమ్మ వాకిట్లో చాప మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఎడమచేత్తో తీస్తోంది. ఆమె కుడిభుజం పైకి లేవక ఏడెనిమిదేళ్లయింది. తల దువ్వుకోవడానికి కూడా వంగి దువ్వుకోవాలి.

మంజుల కాసేపు గింజలు తీసింది. తర్వాత లేచి ఇల్లంతా తిరిగింది. లోపలి గదిలో ఆసు మీద నిన్న సగంలో ఆపిన దారం ఉంది. ఇప్పుడు ఆ పని వదిన చూసుకుంటోంది. మంజుల చెయ్యి దానంతట అదే దారం కొస పట్టుకుంది.

“ముట్టకు. అమాస,” అంది తల్లి బయటి నుంచే. చూడకుండానే ఎలా తెలిసిందో.

“ఒక్క నాలుగు వరసలు పోస్తనే అమ్మా. చేతులు ఊకుంటలేవు.”

“తెల్సు. ఇటు రా.”

మంజుల వచ్చి చాప అంచున గొంతుక్కూర్చుంది. నడుము సంగతి, హల్క వారం సంగతి అంతా చెప్పింది. అమృతమ్మకు సగం అర్థమైంది. బిడ్డ ఇనుము ఎత్తుతుందనీ, ఇప్పుడు ఎత్తొద్దన్నారనీ అర్థమైంది.

“నాకు గూడ అమాస అంటే పడకపోతుండె,” అంది. “మీ నాయిన ఆయిగ అరుగు మీద కూసునేటోడు. నాకు చేతులు గుంజుతుండె. తలుపు దగ్గరేసి ఆసు పోస్తుంటి. నువ్వు చిన్నగుంటివి, నీకు యాదికుండది. మా అత్త ఒకపాలి చూసి తిట్టింది. నేను ఇనలె.”

మంజుల తల్లి భుజం వైపు చూసింది. “ఈ చెయ్యి ఎప్పుడు పోయిందమ్మా?”

అమృతమ్మ చింతపండు పక్కన పెట్టింది. “ఒక్కనాడు పోయిందా ఏంది బిడ్డా. ఒకరోజు గుంజేది, మర్నాడు మంచిగుండేది. గుంజినప్పుడు పోస్తనే ఉంటి, మంచిగున్నప్పుడు ఇంకింత పోస్తుంటి. ఎన్నడు పోయిందో నాకే తెల్వది.”

ఆ మాట చెప్పి మళ్లీ గింజలు తీయడంలో పడింది. మంజుల ఆ సాయంత్రం దాకా ఉంది. కూర్చోలేక వీధి చివరిదాకా రెండుసార్లు నడిచింది. కానీ ఆసు గదిలోకి మళ్లీ పోలేదు. బస్సెక్కే ముందు తల్లి తలకు నూనె రాసి దువ్వింది.

ఆదివారం పొద్దున నాడి అరవై నాలుగు. పుస్తకంలో మూలకు రాసింది. పైన ఖాళీగా వదిలేసిన రోజుల దగ్గర కూడా గుర్తున్నంత మేరకు అసలు అంకెలు రాసింది.

సోమవారం ఉస్తాద్ వంద కిలోలు పెట్టమన్నాడు. మంజుల రాడ్ కిందికి పోయింది. వారం రోజుల్లో అంతా కారిపోయి ఉంటుందన్న భయం పోలేదు. రాడ్ భుజాల మీదికి రాగానే అది తేలికగా ఉందనిపించి, ప్లేటు తక్కువ పెట్టారేమోనని పక్కకు చూసింది. అన్నీ ఉన్నాయి. ఐదుసార్లూ లేచింది. ఉస్తాద్ పొగడలేదు, రాసుకొమ్మని పుస్తకం వైపు చెయ్యి చూపించాడు.

అన్నీ అంత సులువుగా కుదిరాయని కాదు. నడుము వల్ల డెడ్‌లిఫ్ట్ పోటీల దాకా నూట ముప్పై రెండున్నర దాటనివ్వలేదు ఉస్తాద్. ఏడాది పొడవునా ఆమె కలగన్న అంకె అది కాదు. పోటీల ముందు వారం మళ్లీ బరువులు దించితే రోజుకోసారి ఉస్తాద్‌తో పోట్లాడింది. కానీ ఈసారి ఇంకో జిమ్ముకు పోలేదు.

మహబూబ్‌నగర్‌లో ఇండోర్ హాలు నిండా జనం. గోపీకృష్ణ, సుమన పై వరసలో కూర్చున్నారు. స్క్వాట్ నూట ఇరవై రెండున్నర, బెంచ్ అరవై రెండున్నర. రెండూ ఆమె ఎన్నడూ పోటీల్లో ఎత్తని బరువులు. డెడ్‌లిఫ్ట్ రెండో ప్రయత్నంలో నూట ముప్పై ఏడున్నర లేచింది. మొత్తం మూడు వందల ఇరవై రెండున్నర. మానస అప్పటికే మూడు వందల ముప్పై రెండున్నరతో ముగించింది. మంజులకు ఇంకొక్క ప్రయత్నం మిగిలి ఉంది.

“నూట నలభై ఏడున్నర లేస్తే ఇద్దరిదీ సమానం. ఒంటి బరువు నీది తక్కువ, మొదటి జాగా నీకే,” అన్నాడు ఉస్తాద్. “గా బరువే అడగమంటవా, వద్దా?”

“అడుగు.”

“నడుము?”

మంజుల ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. “మంచిగనే ఉన్నది. అబద్ధం చెప్తలేను.”

రాడ్ నేల వదిలింది. మోకాళ్లు దాటింది. తొడల సగం దాకా వచ్చి ఆగింది. సుమన కేక వినిపించింది. అక్కడి నుంచి పైకి రావాలంటే ఒక్కటే దారి, వీపు వంచి గుంజాలి. పోయిన నెలైతే గుంజేదే. మంజుల మూడు సెకన్లు అలాగే పట్టుకుంది, కాళ్లతోనే నెట్టి చూసింది. కదలలేదు. దించింది.

ఈసారి తేడా పది కిలోలు. రెండో స్థానమే.

పతకాలు ఇచ్చాక మానస వచ్చి పక్కన నిలబడింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, పొట్టిగా కత్తిరించిన జుట్టు. “అక్కా, పోయిన నెల నీకు నడుము పట్టిందట గదా, మీ సార్ చెప్పిండు. అయినా అంత దూరం తెచ్చినవ్!”

“నువ్వెన్నడు ఆగవా? యేడాదంత ఎత్తుతనే ఉంటవా?” అని అడిగింది మంజుల. ఆ ప్రశ్న ఏడాదిగా ఆమె లోపల ఉంది.

మానస నవ్వింది. “డిసెంబరుల పదిరోజులు రాడ్ ముట్టనియ్యలె మా కోచ్ సార్. నేను ఇననని నా బూట్లు ఎత్కపోయి వాళ్ల ఇంట్ల దాచిండు. పోలీసోళ్ల బూట్లే ఎత్కపోయిండని స్టేషన్ల అందరు ఒకటే నవ్వుడు.”

మంజుల కూడా నవ్వింది. తిరుగు ప్రయాణంలో బస్సు జడ్చర్ల దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కాలు ఆడిస్తూనే ఉంది. సుమన ఒళ్లో నిద్రపోతుంటే కాలు ఆపింది.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. మంజులకు ఇప్పుడు ఐదు వారాలకొకసారి ఉస్తాద్ చెప్పనక్కర్లేదు. మొన్న అక్టోబరులో మూడో వారానికే, నిద్ర పట్టడం లేదనీ, బెంచ్ రెండు రోజులుగా దిగుతోందనీ తనే వచ్చి ప్లేట్లు తీసేసింది. అలాగని ఆ వారం అంటే ఇష్టం ఏర్పడలేదు. ఒక హల్క వారంలో ఇరవై ఐదు నిమిషాల్లో పని ముగించుకొని, ఇంటికి పోకుండా శాండ్ పేపర్ తెచ్చుకొని షెడ్డు మూలలో పాత ప్లేట్ల తుప్పు గీకడం మొదలుపెట్టింది. ఎనిమిది ప్లేట్లు తళతళలాడుతుండగా ఉస్తాద్ చూశాడు.

“ఇదేందిది?”

“తుప్పు పట్టినయి ఉస్తాద్. ఊకెనే ఉన్న గదా అని.”

బాలస్వామి వంగి, సరిగ్గా తెరుచుకోని చేత్తో ఆమె చేతిలోని కాగితం తీసుకున్నాడు. బయట చాయ్ బండి మీద రెండు చాయ్‌లు చెప్పి, ఒక గ్లాసు ఆమెకిచ్చి, స్టూలు జరిపాడు. మంజుల కూర్చుంది. చాయ్ వేడిగా ఉంది. అది చల్లారేదాకా ఆగాల్సిందే.